ఎయిర్ కోస్టా: విజయవాడ విమానయాన సంస్థ ఉత్థాన పతనాలు

విజయవాడ ప్రధాన కార్యాలయంగా నడిచిన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరి 28న తన సర్వీసులన్నిటినీ నిలిపివేసింది. త్వరలోనే తిరిగి ప్రారంభిస్తామని సంస్థ అప్పట్లో ప్రకటించింది. అయితే ఆ విమానాలు మళ్లీ గాలిలోకి లేవలేదు. 2013 అక్టోబరులో మొదలైన ప్రయాణం మూడేళ్ల నాలుగు నెలలకే ముగిసింది. సంస్థ మూతపడే నాటికి తెలుగు రాష్ట్రాల్లో విమాన ప్రయాణికుల సంఖ్య తగ్గడం లేదు, పెరుగుతోంది. అంతకు నెలన్నర ముందే, అంటే 2017 జనవరిలో, గన్నవరం విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. గిరాకీ పెరుగుతున్న చోటనే ఒక స్థానిక సంస్థ ఎందుకు నిలదొక్కుకోలేకపోయిందన్నది నేటికీ ప్రాధాన్యం కోల్పోని ప్రశ్న. ఆ తరువాత హైదరాబాద్‌లోనూ, పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్, జగదల్‌పూర్ మార్గంలోనూ ఇదే కథ వేర్వేరు రూపాల్లో పునరావృతమైంది.

తొలి అడుగులు

తెలుగు ప్రాంతానికి సొంత విమానయాన సంస్థ ఉండటం కొత్త విషయం కాదు. నిజాం కాలంలో హైదరాబాద్ సంస్థానం భాగస్వామ్యంతో 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడింది. బేగంపేట కేంద్రంగా డకోటా విమానాలు నడిపిన ఆ సంస్థ, 1953లో విమానయానాన్ని జాతీయం చేసినప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ తరువాత దాదాపు నాలుగు దశాబ్దాల పాటు దేశీయ విమానయానం ప్రభుత్వ సంస్థల చేతిలోనే ఉంది. ఆర్థిక సంస్కరణల అనంతరం ప్రైవేటు సంస్థలు రంగంలోకి వచ్చినా, వాటి దృష్టి ప్రధానంగా మహానగరాల మీదనే నిలిచింది.

విజయవాడకు చెందిన స్థిరాస్తి వ్యాపార సంస్థ ఎల్ఈపీఎల్ గ్రూపు ఈ ఖాళీని గుర్తించింది. లింగమనేని రమేష్ అధ్యక్షతన ఉన్న ఈ గ్రూపు ఎయిర్ కోస్టాను స్థాపించింది. బ్రెజిల్‌కు చెందిన ఎంబ్రాయెర్ కంపెనీ తయారుచేసిన రెండు ఈ-170 జెట్ విమానాలను అద్దెకు తీసుకుని సంస్థ కార్యకలాపాలు ఆరంభించింది. చెన్నై విమానాశ్రయాన్ని ప్రధాన కేంద్రంగా, విజయవాడను నిర్వహణ కేంద్రంగా ఎంచుకుంది. ఆ తరువాత కొంత పెద్దవైన ఈ-190 విమానాలు కూడా వచ్చి చేరాయి. ఈ-170లో 67 సీట్లు, ఈ-190లో 112 సీట్లు ఉండేవి. నడవకు అటు రెండు, ఇటు రెండు చొప్పున సీట్లు అమర్చడంతో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చోవలసిన సీటు అనేదే ఉండేది కాదు. ప్రయాణికులకు బాగా నచ్చిన అంశాల్లో ఇది ఒకటి.

చెన్నై, హైదరాబాద్, బెంగళూరు, విశాఖపట్నం, విజయవాడ, తిరుపతి, కోయంబత్తూరు, జైపూర్, అహ్మదాబాద్ వంటి నగరాలకు ఈ సంస్థ సర్వీసులు నడిపింది. రాష్ట్ర విభజన అనంతరం విజయవాడ పరిసరాలు ఆంధ్రప్రదేశ్ రాజధాని ప్రాంతంగా ఎంపిక కావడంతో గన్నవరానికి రాకపోకలు ఒక్కసారిగా పెరిగాయి. రైలులో ఒక రాత్రి పట్టే ప్రయాణం గంట, గంటన్నరలో ముగియడం అధికారులకు, వ్యాపారులకు, వైద్యం కోసం చెన్నై, బెంగళూరు వెళ్లేవారికి ఎంతో వెసులుబాటు కలిగించింది.

యాభై విమానాల ఒప్పందం

కార్యకలాపాలు ప్రారంభించిన నాలుగు నెలలకే ఎయిర్ కోస్టా అంతర్జాతీయ వార్తల్లో నిలిచింది. 2014 ఫిబ్రవరిలో సింగపూర్ వైమానిక ప్రదర్శనలో ఎంబ్రాయెర్‌తో 50 కొత్త తరం ఈ2 విమానాల కొనుగోలుకు ఒప్పందం కుదుర్చుకుంది. ఈ-190 ఈ2 రకానికి చెందినవి 25, ఈ-195 ఈ2 రకానికి చెందినవి 25. కంపెనీ ప్రకటిత ధరల ప్రకారం ఈ ఒప్పందం విలువ 294 కోట్ల డాలర్లు. మరో 50 విమానాలు కొనే హక్కు కూడా అందులో భాగం. భారతదేశంలో ఈ2 విమానాలకు తొలి కొనుగోలుదారు ఈ విజయవాడ సంస్థే.

విమానయాన రంగంలో ప్రకటిత ధర, చెల్లించే ధర ఒకటి కావు. పెద్ద ఒప్పందాలపై తయారీదారులు గణనీయమైన తగ్గింపు ఇస్తారు. అసలు మొత్తంలో అధిక భాగాన్ని విమానం చేతికి వచ్చే సమయంలో ఆర్థిక సంస్థలు సమకూరుస్తాయి. అందువల్ల చిన్న సంస్థ సైతం పెద్ద ఒప్పందం చేసుకోగలుగుతుంది. అయితే ఆ విమానాలు అందవలసింది 2018 నుంచి. అప్పటిదాకా సంస్థను నడపవలసింది అద్దె విమానాలతోనే. ఈ2 శ్రేణిలో తొలి విమానం 2018 ఏప్రిల్‌లో నార్వే దేశపు విడరో సంస్థలో సేవలు ఆరంభించింది. అప్పటికి ఎయిర్ కోస్టా సర్వీసులు నిలిచి ఏడాది దాటింది. ఒప్పందం చేసుకున్న యాభైలో ఒక్కటీ విజయవాడ చేరలేదు.

చిన్న విమానం లెక్కలు

ప్రాంతీయ విమానయాన సంస్థ లాభనష్టాలను నిర్ణయించే అంశాలు ప్రధానంగా నాలుగు: అద్దె, ఇంధనం, సిబ్బంది, ఉన్న విమానాల సంఖ్య.

విమానాల అద్దె డాలర్లలో చెల్లించాలి. టికెట్ల మీద వచ్చే ఆదాయం మాత్రం రూపాయల్లో ఉంటుంది. ఎయిర్ కోస్టా ప్రారంభానికి కొద్ది వారాల ముందు, 2013 ఆగస్టు చివరలో, డాలరు మారకపు విలువ 68 రూపాయలు దాటి అప్పటికి రికార్డు స్థాయిని తాకింది. పైగా 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ విమానాలు నిలిచిపోయిన తరువాత, తమ విమానాలను భారతదేశం నుంచి వెనక్కు తీసుకువెళ్లడానికి అద్దె సంస్థలు చాలా ఇబ్బందులు పడ్డాయి. ఆ అనుభవంతో కొత్త సంస్థల విషయంలో అవి మరింత జాగ్రత్త వహించాయి.

ఇంధనం విషయంలో చిన్న విమానాలకు కొన్ని రాయితీలు ఉన్నాయి. గరిష్ఠ బరువు 40 వేల కిలోల లోపు ఉన్న విమానాలకు అమ్మే ఇంధనంపై రాష్ట్రాలు విధించే అమ్మకపు పన్నుకు కేంద్ర చట్టం పరిమితి పెట్టింది. 80 సీట్ల లోపు విమానాలకు దేశీయ సర్వీసుల్లో ల్యాండింగ్ రుసుము మినహాయింపు ఉంది. 67 సీట్ల ఈ-170 ఈ రెండు పరిధుల్లోకీ వస్తుంది. 112 సీట్ల ఈ-190 గరిష్ఠ బరువు 47 వేల కిలోలు దాటుతుంది కనుక ఆ రాయితీలు దానికి వర్తించవు. మరింత మంది ప్రయాణికులను ఎక్కించుకునేందుకు పెద్ద విమానానికి మారిన సంస్థ, చిన్న విమానానికి ఉన్న వెసులుబాటును వదులుకోవలసి వస్తుంది.

ఇక సిబ్బంది. 67 సీట్ల విమానానికైనా 180 సీట్ల ఎయిర్‌బస్‌కైనా పైలట్లు ఇద్దరే. ఒక ప్రయాణానికి అయ్యే ఖర్చులో అధిక భాగం సీట్ల సంఖ్యతో నిమిత్తం లేకుండా స్థిరంగా ఉంటుంది. దానిని 180 మందికి పంచినప్పుడు ఒక్కొక్కరిపై పడే భారం, 67 మందికి పంచినప్పుడు పడే భారం కన్నా చాలా తక్కువ. అందుచేత పెద్ద సంస్థ అదే మార్గంలో తక్కువ ధరకు టికెట్ అమ్మినప్పుడు చిన్న సంస్థ ఆ ధరకు దిగి ఎక్కువ కాలం నిలవలేదు. చెన్నై, హైదరాబాద్, బెంగళూరు నగరాల మధ్య ఎయిర్ కోస్టా పోటీపడింది అటువంటి పెద్ద సంస్థలతోనే.

అన్నిటికన్నా కీలకమైనది విమానాల సంఖ్య. 2016 నాటికి ఇండిగో వద్ద వందకు పైగా విమానాలున్నాయి. వాటిలో ఒకటి మరమ్మతుకు వెళితే ఆ లోటు ఒక శాతం మించదు. నాలుగు విమానాలున్న సంస్థలో ఒకటి ఆగితే పావు వంతు సర్వీసులు రద్దవుతాయి. ఒక విమానం రోజులో అనేక నగరాలను చుట్టి వస్తుంది కనుక ఉదయం తలెత్తిన సాంకేతిక లోపం సాయంత్రం దాకా ప్రతి విమానాశ్రయంలోనూ ప్రయాణికులను నిలబెడుతుంది. బదులుగా పంపేందుకు మరో విమానం ఉండదు. సర్వీసుపై నమ్మకం సడలిన ప్రయాణికుడు తరువాతిసారి వేరే సంస్థ టికెట్ కొంటాడు.

వీటికి తోడు ప్రాంతీయ సంస్థలకు ఇచ్చే అనుమతి కూడా పరిమితమే. దేశంలోని అన్ని మహానగరాల మధ్య స్వేచ్ఛగా విమానాలు నడిపే వీలు ఆ అనుమతిలో లేదు. అత్యధిక రద్దీ ఉన్న ఢిల్లీ, ముంబయి మార్గాల ఆదాయంతో చిన్న పట్టణాల నష్టాన్ని పూడ్చుకునే అవకాశం అటువంటి సంస్థలకు ఉండదు.

పతనం

2016 ఆగస్టులో విమానాలను అద్దెకిచ్చిన సంస్థతో తలెత్తిన వివాదం కారణంగా ఎయిర్ కోస్టా సర్వీసులు తాత్కాలికంగా ఆగిపోయాయి. కొద్ది రోజుల్లో అవి తిరిగి మొదలైనా, సంస్థ వద్ద నగదు కొరత ఉందన్న విషయం బహిరంగమైంది. విమానయాన వ్యాపారంలో ఇటువంటి వార్త తానే ఒక ఖర్చుగా మారుతుంది. ఇంధన సరఫరాదారులు ముందుగా నగదు అడుగుతారు. ప్రయాణికులు ముందస్తు బుకింగ్ మానుకుంటారు. చేతికి వచ్చే డబ్బు తగ్గే సమయంలోనే చెల్లించవలసిన డబ్బు పెరుగుతుంది.

అద్దె బాకీపడిన విమానాన్ని వెనక్కు తీసుకునే ప్రక్రియ కూడా అప్పటికి సులభతరమైంది. విమానాలపై అద్దె సంస్థల హక్కులను కాపాడే కేప్‌టౌన్ అంతర్జాతీయ ఒప్పందంలో భారత్ 2008లో చేరింది. యజమాని కోరిన వెంటనే విమానం రిజిస్ట్రేషన్ రద్దు చేసేందుకు వీలుగా 2015లో నిబంధనలు సవరించారు. ఇది అద్దె సంస్థలకు భరోసా కలిగించిన సంస్కరణ. అదే సమయంలో ఇబ్బందుల్లో ఉన్న చిన్న సంస్థకు దొరికే గడువు తగ్గింది.

కొత్త పెట్టుబడిదారు కోసం సాగిన ప్రయత్నాలు ఫలించలేదు. 2017 ఫిబ్రవరి చివరి రోజున సర్వీసులు నిలిచాయి. ముందుగా టికెట్లు కొన్నవారు డబ్బు వాపసు కోసం ఎదురుచూడవలసి వచ్చింది. సిబ్బందికి జీతాలు అందడం లేదన్న వార్తలు వెలువడ్డాయి. పలువురు పైలట్లు, ఇంజినీర్లు ఇతర సంస్థల్లో అవకాశాలు వెతుక్కున్నారు. ఒక రకం విమానంపై శిక్షణ పొందిన పైలట్ మరో రకం విమానం నడపాలంటే మళ్లీ శిక్షణ తీసుకుని అర్హత సంపాదించాలి. ఆనాడు దేశంలో ఎంబ్రాయెర్ జెట్లు నడిపే సంస్థలు అరుదు కావడంతో వారి ఇబ్బంది రెట్టింపైంది. అదే ఏడాది జూన్‌లో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ సంస్థ అనుమతిని నిలిపివేసింది.

దక్షిణాదిలో దీనికి ముందే ఒక ఉదాహరణ ఉంది. తమిళనాడు కేంద్రంగా 2005లో మొదలైన పారమౌంట్ ఎయిర్‌వేస్ కూడా ఎంబ్రాయెర్ విమానాలనే అద్దెకు తీసుకుని నడిపింది. అద్దె సంస్థలతో వివాదాల అనంతరం 2010లో ఆగిపోయింది. విమానం రకం, ప్రధాన మార్గాలు, చివరకు చిక్కుముడి కూడా చాలావరకు ఒకటే.

ఉడాన్ వచ్చాక

ప్రాంతీయ సంస్థలకు తోడ్పడే పథకం ఎయిర్ కోస్టా చివరి రోజుల్లోనే రూపుదిద్దుకుంది. 2016 జూన్‌లో జాతీయ పౌర విమానయాన విధానం వెలువడింది. అప్పటి పౌర విమానయాన శాఖ మంత్రి విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు. ఆ విధానంలో భాగంగా అదే ఏడాది అక్టోబరులో ఉడాన్ పథకం ఆరంభమైంది. విమానంలో కొన్ని సీట్లను గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయల ధరకు అమ్మాలన్నది అప్పటి నిబంధన. దానివల్ల వచ్చే లోటును ప్రభుత్వం భర్తీ చేస్తుంది. ఎంపికైన సంస్థకు ఆ మార్గంలో మూడేళ్ల పాటు ప్రత్యేక హక్కు ఉంటుంది.

తొలి విడతలో 128 మార్గాలను అయిదు సంస్థలకు కేటాయిస్తూ 2017 మార్చి 30న ప్రకటన వెలువడింది. ఎయిర్ కోస్టా ఆగిపోయి అప్పటికి సరిగ్గా నెల రోజులు. కేటాయింపుల్లో ఎయిర్ ఒడిశాకు 50, ఎయిర్ డెక్కన్‌కు 34, ట్రూజెట్‌కు 18, అలయన్స్ ఎయిర్‌కు 15, స్పైస్‌జెట్‌కు 11 మార్గాలు దక్కాయి.

వీటిలో ట్రూజెట్ హైదరాబాద్ సంస్థ. టర్బో మేఘా ఎయిర్‌వేస్ పేరిట నమోదైన ఈ సంస్థ 2015 జులైలో హైదరాబాద్ నుంచి తిరుపతికి తొలి విమానం నడిపింది. ఎయిర్ కోస్టాలా జెట్‌లను కాకుండా ఏటీఆర్-72 టర్బోప్రాప్ విమానాలను ఎంచుకుంది. తక్కువ దూరాలకు ఇవి తక్కువ ఇంధనంతో నడుస్తాయి, చిన్న రన్‌వేలపై దిగగలవు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ తొలి విమానాలను ప్రధానమంత్రి ప్రారంభించినప్పుడు కడప, నాందేడ్ పట్టణాలను హైదరాబాద్‌తో కలిపినది ట్రూజెట్టే. కడప వాసులకు, బళ్లారి సమీపంలోని విద్యానగర్ ప్రాంతానికి, రాజమహేంద్రవరానికి ఆ సంస్థ కొన్నేళ్లు నమ్మకమైన సేవ అందించింది. కరోనా కాలంలో రెండు నెలలు దేశీయ విమానయానమే స్తంభించడం, ఆ తరువాత పెట్టుబడి సమకూరకపోవడంతో 2022 ఫిబ్రవరిలో అదీ ఆగిపోయింది.

రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్‌కు

ఉడాన్ తొలి విడతలో అత్యధిక మార్గాలు దక్కించుకున్న ఎయిర్ ఒడిశా అనుభవం ఛత్తీస్‌గఢ్‌లో కనిపించింది. రాయ్‌పూర్ రాష్ట్ర రాజధాని. నగరానికి ఉత్తరాన బీర్‌గావ్, ఉర్లా పారిశ్రామిక ప్రాంతాలు విస్తరించగా, మానా వద్ద స్వామి వివేకానంద విమానాశ్రయం ఉంది. ఈ విమానాశ్రయం నుంచి ఢిల్లీ, ముంబయి, హైదరాబాద్ వంటి నగరాలకు పెద్ద సంస్థల సర్వీసులు నడుస్తాయి. రాష్ట్రంలోని దక్షిణ కొస అయిన బస్తర్‌కు మాత్రం రోడ్డే ప్రధాన ఆధారం. రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్ దాదాపు 300 కిలోమీటర్లు. జగదల్‌పూర్ మీదుగా వెళ్లే కొత్తవలస, కిరండూల్ రైలు మార్గం ఆ పట్టణాన్ని తన రాష్ట్ర రాజధాని కన్నా విశాఖపట్నంతోనే ఎక్కువగా ముడివేసింది.

2018 జూన్ 14న భిలాయిలో జరిగిన కార్యక్రమంలో ప్రధానమంత్రి జగదల్‌పూర్, రాయ్‌పూర్ విమాన సర్వీసును ప్రారంభించారు. ఇరవై మంది కూడా పట్టని చిన్న విమానంతో ఎయిర్ ఒడిశా దీనిని నడిపింది. జగదల్‌పూర్ నుంచి విశాఖపట్నానికి సర్వీసు కూడా ఈ ప్రణాళికలో భాగం. అయితే యాభై మార్గాలు దక్కించుకున్న సంస్థ వద్ద వాటికి సరిపడా విమానాలు లేవు. సర్వీసు నిలకడగా సాగక ఎంతోకాలం గడవకముందే ఆగిపోయింది. సంస్థకు కేటాయించిన మార్గాలు రద్దయ్యాయి. జగదల్‌పూర్‌కు మళ్లీ విమానం వచ్చింది 2020 సెప్టెంబరు 21న. ప్రభుత్వ రంగానికి చెందిన అలయన్స్ ఎయిర్ 70 సీట్ల తరహా ఏటీఆర్ విమానంతో హైదరాబాద్, జగదల్‌పూర్, రాయ్‌పూర్‌లను కలిపింది. బస్తర్ వాసులకు ఒకే విమానంలో తమ రాజధాని, తెలంగాణ రాజధాని రెండూ అందుబాటులోకి వచ్చాయి.

నిలిచినవెన్ని

ఉడాన్ అమలుపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చింది. మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదని ఆ నివేదిక తేల్చింది. మొదలైన 371లో మూడేళ్ల రాయితీ కాలం పూర్తి చేసుకున్నవి 112. రాయితీ ముగిసిన తరువాత కూడా 2023 మార్చి నాటికి కొనసాగుతున్నవి 54 మాత్రమే. అంటే కేటాయించిన ప్రతి వంద మార్గాల్లో నిలిచినవి ఏడు.

రాయితీ మార్గాల విషయంలో లోటును పూడ్చగలిగింది కానీ, సంస్థల మూలధన లేమిని పూడ్చలేకపోయిందని ఈ అంకెలు తెలుపుతున్నాయి. ఎయిర్ కోస్టాకు ప్రయాణికులు ఉన్నారు, ఉడాన్ లేదు. ట్రూజెట్‌కు రెండూ ఉన్నాయి. ఎయిర్ ఒడిశాకు పథకం ఉంది, విమానాలు లేవు. మూడు సంస్థలకూ ఉమ్మడిగా కొరవడినది ఒకటే: ఒక విమానం నెల రోజులు ఆగినా, రూపాయి విలువ పడిపోయినా తట్టుకోగల నిల్వ ధనం.

ఈ లోపు పెద్ద సంస్థలు చిన్న మార్గాల్లోకి దిగాయి. ఇండిగో 2017 డిసెంబరులో హైదరాబాద్ నుంచి ఏటీఆర్ సర్వీసులు ఆరంభించి అనతికాలంలోనే తిరుపతి, రాజమహేంద్రవరం, విజయవాడలకు విస్తరించింది. చిన్న మార్గంలో వచ్చే నష్టాన్ని పెద్ద మార్గాల ఆదాయంతో సర్దుకోగల సామర్థ్యం వారికి ఉంది. ఎంబ్రాయెర్ విమానాలతోనే కర్ణాటకలో 2019 జనవరిలో మొదలైన స్టార్ ఎయిర్ కరోనా కాలాన్ని దాటి నిలిచింది. పెద్ద సంస్థలు నేరుగా పోటీకి రాని మార్గాలను ఎంచుకోవడం, విమానాల సంఖ్యను నెమ్మదిగా పెంచుకోవడం ఆ సంస్థ అనుసరించిన పద్ధతి.

విజయవాడ నుంచి ఇప్పుడు ప్రయాణించేవారికి ఎయిర్ కోస్టా లేని లోటు పెద్దగా తెలియదు. గన్నవరం వంటి రద్దీ విమానాశ్రయంలో ఒక సంస్థ వెళ్లిపోతే మరొకటి ఆ స్థానం తీసుకుంటుంది. కడప, జగదల్‌పూర్ వంటి పట్టణాల పరిస్థితి వేరు. అక్కడ ఒకే సంస్థ ఉంటుంది, అది ఆగితే రన్‌వే ఖాళీగా మిగులుతుంది. జగదల్‌పూర్‌లో తొలి సర్వీసు ఆగి, మళ్లీ నిలకడైన సర్వీసు రావడానికి మధ్య గడిచిన కాలంలో అత్యవసర చికిత్స కోసం రాయ్‌పూర్ చేరవలసిన రోగికి మిగిలినది మళ్లీ ఆ 300 కిలోమీటర్ల రహదారే.